విచారణ సరే, ముందు ఫైలు అడగండి

మండల కంట్రిబ్యూటర్‌గా పనిచేసిన రోజుల్లో నా దగ్గర ఒక వాక్యం ఎప్పుడూ రెడీగా ఉండేది. "ఈ అక్రమాలపై సిట్టింగ్ జడ్జితో సమగ్ర విచారణ జరిపించి, దోషులను కఠినంగా శిక్షించాలని ఆయన డిమాండ్ చేశారు." మనిషి పేరు మారితే చాలు, మిగతాదంతా అదే. ఇసుకైనా, ఇళ్ల బిల్లులైనా, రేషన్ బియ్యమైనా ఈ వాక్యం అతికినట్టు సరిపోయేది. డెస్కులో సబ్ఎడిటర్లు కథనమంతా నరికేసినా దీన్ని ముట్టుకునేవాళ్లు కాదు. మాకు జీతం ఉండదు, లైన్ అకౌంటే, అంటే అచ్చయిన లైన్లను బట్టి డబ్బులు. కాబట్టి ఆ వాక్యం పుణ్యాన నెలకు నాలుగు టీల డబ్బులైనా వచ్చి ఉంటాయి.

అది అప్పటి ప్రకాశం జిల్లా పడమటి వైపు, మార్కాపురం దాటాక వచ్చే మెట్ట ప్రాంతం. ప్రతిపక్షంలో ఉన్నాయన గెస్ట్‌హౌస్‌లో ప్రెస్‌మీట్ పెట్టి విచారణ అడిగేవాడు. అధికార పక్షం ఆయన మరునాడు అదే కుర్చీలో కూర్చుని "దమ్ముంటే నిరూపించమనండి" అనేవాడు. తర్వాత ప్రభుత్వం మారింది. కుర్చీ మారలేదు, నా వాక్యమూ మారలేదు. నోళ్లు మాత్రం అటుది ఇటు, ఇటుది అటు అయ్యాయి. అప్పట్లో నవ్వొచ్చేది. "అంతా నాటకమేలే" అనుకుని బండి స్టార్ట్ చేసేవాణ్ని.

ఇప్పుడలా అనుకోవడం లేదు. నాటకమే అయినా అవసరమైన నాటకం అది. అడిగేవాడు లేకపోతే ఏ ప్రభుత్వమూ తనంతట తాను గుమ్మం తెరవదు. నా పేచీ అడగడంతో కాదు, అడిగే వస్తువుతో. మన ప్రతిపక్షాలు జడ్జిని అడుగుతాయి, సీబీఐని అడుగుతాయి, పార్లమెంటు సంయుక్త కమిటీని, అంటే జేపీసీని అడుగుతాయి. ఎవరు విచారించాలన్న దాని మీద నెలల తరబడి కొట్టుకుంటాయి. ఫలానా ఫైలు, ఫలానా నోట్, ఫలానా బిల్లు బల్ల మీద పెట్టమని పట్టుబట్టడం అరుదు. నేను చదివినంతలో ఈ దేశంలో ఏ కుంభకోణం కదిలినా కాగితం బయటపడ్డాకే కదిలింది, కమిటీ పడ్డందుకు కాదు.

ముంద్రా వ్యవహారం సంగతే చూడండి. 1956లో ప్రైవేటు జీవిత బీమా కంపెనీలన్నీ జాతీయమై ఎల్‌ఐసీ పుట్టింది. బందరులో పట్టాభి సీతారామయ్య పెట్టిన ఆంధ్రా ఇన్సూరెన్స్ కూడా అందులోనే కలిసిపోయింది. అంటే కృష్ణా జిల్లా రైతులూ బడిపంతుళ్లూ కట్టుకున్న ప్రీమియం కూడా ఆ కొత్త సంస్థ చేతిలోకి వెళ్లింది. ఏడాది తిరక్కుండానే, 1957లో, హరిదాస్ ముంద్రా అనే కలకత్తా వ్యాపారికి చెందిన 6 కంపెనీల్లో ఎల్‌ఐసీ దాదాపు 1.24 కోట్ల రూపాయలు పెట్టి వాటాలు కొన్నది. సంస్థ సొంత పెట్టుబడుల కమిటీని అడగకుండానే కొనేసింది. పైనుంచి మాట వచ్చింది, కింద సంతకం పడింది.

దీన్ని లోక్‌సభలో లేవనెత్తింది ప్రతిపక్షం కాదు. కాంగ్రెస్ సభ్యుడు, పైగా ప్రధాని నెహ్రూకు అల్లుడు, ఫిరోజ్ గాంధీ. 1957 డిసెంబరు 16న ఆయన సభలో లేచినప్పుడు చేతిలో ప్లకార్డు లేదు, కాగితాలున్నాయి. ఏ కంపెనీ వాటా, ఏ రోజు, ఏ ధరకు, ఆ రోజు మార్కెట్లో ధర ఎంత అన్న లెక్కలతో వరుసగా అడుగుతూ పోయాడు. ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి చెప్పిన జవాబు నిన్నటికీ ఇవాళ్టికీ పొంతన కుదరలేదు. ప్రభుత్వానికి దారి లేకపోయింది.

ఆ రోజు స్పీకర్ కుర్చీలో ఉన్నది మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. ఇక్కడ ఒక పిట్టకథ చెప్పాలి. 1948లో కశ్మీర్ యుద్ధం కోసం బ్రిటన్‌లోని మన హైకమిషనర్ వి.కె. కృష్ణమీనన్ 80 లక్షల రూపాయల జీపుల ఒప్పందం చేస్తే, చివరికి ఇక్కడికి చేరినవి 155 జీపులు. దాని మీద వేసిన విచారణ సంఘానికి నాయకత్వం వహించింది ఈ అయ్యంగారే. న్యాయ విచారణ జరిపిస్తే మంచిదని ఆ సంఘం సూచించింది. 1955లో హోం మంత్రి గోవింద వల్లభ పంత్ "ఆ అధ్యాయం ముగిసింది" అన్న ధోరణిలో ఫైలు మూసేశారు. మరుసటి ఏడాది మీనన్ కేంద్ర మంత్రి అయ్యారు. తన సంఘం మాట బుట్టదాఖలైన రెండేళ్లకు, అదే పెద్దమనిషి స్పీకరుగా కూర్చుని ఫిరోజ్ గాంధీ ప్రశ్నలు విన్నాడు. ఆయన మనసులో ఏం మెదిలిందో గానీ, నాకైతే ఆ దృశ్యం చాలా ఇష్టం.

బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లాతో ఏకసభ్య కమిషన్ వేశారు. చాగ్లా చేసిన మొదటి పని తలుపులు తెరవడం. విచారణ బహిరంగంగా జరిగింది. హాల్లో చోటు దొరకని జనం కోసం బయట లౌడ్‌స్పీకర్లు పెట్టారు. సాక్షులుగా వచ్చింది ఆర్థిక మంత్రి, ఆర్థిక శాఖ కార్యదర్శి హెచ్.ఎం. పటేల్, ఎల్‌ఐసీ పెద్దలు. ఒకరు చెప్పింది ఇంకొకరు కాదంటుంటే బొంబాయి జనం మైకుల్లో విన్నారు. మొత్తం 24 రోజుల్లో ముగిసింది. 1958 ఫిబ్రవరిలో కృష్ణమాచారి రాజీనామా చేశారు.

ఇరవై నాలుగు రోజులు! దీని పక్కన లిబర్హాన్ కమిషన్‌ను పెట్టి చూడండి. బాబ్రీ మసీదు కూల్చివేత మీద 1992 డిసెంబరులో 3 నెలల గడువుతో వేశారు. 48 సార్లు పొడిగించుకుని 2009 జూన్‌లో నివేదిక ఇచ్చింది. కమిషన్ వేసిన నాడు పుట్టిన పిల్లకు అప్పటికి పదహారేళ్లు నిండాయి. రెండింటికీ చట్టం ఒక్కటే, 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం. తేడా ఎక్కడుంది? చాగ్లా ముందుకొచ్చేసరికి కాగితాలు సగం బయటికొచ్చి ఉన్నాయి. అడగాల్సిన ప్రశ్న చిన్నది: ఈ వాటాలు ఎవరు కొనమన్నారు?

ఇప్పుడు బోఫోర్స్‌కి, ఆ స్వీడన్ కంపెనీ నుంచి ఫిరంగులు కొన్న వ్యవహారానికి వస్తాను. మా తరం వాళ్లకు ఆ మాట వింటే ఫిరంగి కంటే ముందు ఎన్టీఆర్ గుర్తొస్తారు. 1984 ఎన్నికల్లో ఇందిర హత్య తర్వాత దేశమంతా కాంగ్రెస్ ఊడ్చేస్తే, 30 సీట్లతో లోక్‌సభలో పెద్ద ప్రతిపక్షంగా నిలిచింది తెలుగుదేశం. కాబట్టి 1987 ఏప్రిల్‌లో స్వీడిష్ రేడియో "ఫిరంగుల కొనుగోలులో ముడుపులు ముట్టాయి" అని కూసినప్పుడు, ఢిల్లీలో గొంతు చించుకున్నవాళ్లలో మనవాళ్లు ముందున్నారు. ఒప్పందం విలువ 1,437 కోట్లు, ముడుపులన్నది 64 కోట్లు.

ప్రతిపక్షం జేపీసీ అడిగింది. ప్రభుత్వం మొదట కుదరదంది, తర్వాత సరేనంది. తీరా వేశాక ప్రధాన ప్రతిపక్షాలు అందులో కూర్చోలేదు. కూర్పు, అధికారాలు నచ్చలేదన్నాయి. బి. శంకరానంద్ అధ్యక్షతన ఆ కమిటీ 1988లో నివేదిక ఇచ్చింది. ముడుపులు ఇచ్చినట్టు ఆధారం లేదు పొమ్మంది. ఎక్కువగా అధికార పార్టీ వాళ్లే కూర్చున్న కమిటీ ఇంకేం చెబుతుంది? అప్పటిదాకా ఏది కావాలని సభలు స్తంభింపజేశారో, అదే చేతికొచ్చి ఎందుకూ కొరగాకుండా పోయింది.

వ్యవహారాన్ని బతికించింది వేరే. జెనీవాలో ఉన్న విలేకరి చిత్రా సుబ్రమణ్యం తెచ్చిన పత్రాలు 1988 నుంచి పత్రికల్లో అచ్చయ్యాయి. 1989 జూలైలో ప్రభుత్వ ఖర్చులను ఆడిట్ చేసే కాగ్ నివేదిక సభ ముందుకొచ్చింది. ఫిరంగి ఎంపికలో, ధర లెక్కల్లో లొసుగులు అందులో వరుసగా ఉన్నాయి. ఆ కాగితం చూపించే ప్రతిపక్ష ఎంపీలు మూకుమ్మడిగా రాజీనామా చేశారు. ఆ ఏడాది చివర రాజీవ్ గాంధీ ప్రభుత్వం పోయింది.

ఆ తర్వాత సంగతి కూడా చెప్పకపోతే నా వాదం మోసం అవుతుంది. 1990లో సీబీఐ కేసు పెట్టింది. 2004లో ఢిల్లీ హైకోర్టు రాజీవ్ గాంధీ మీద లంచం ఆరోపణలు నిలవవంది, అప్పటికి ఆయన పోయి పదమూడేళ్లు. 2005లో హిందుజా సోదరుల మీద కేసు కొట్టేసింది. 2011లో మధ్యవర్తిగా పేరు వినిపించిన ఇటలీ వ్యాపారి ఖత్రోచీకి కూడా కేసు నుంచి విముక్తి దొరికింది. అంటే కాగితం ప్రభుత్వాన్ని దించగలిగింది గానీ ఒక్కరినీ దోషిగా నిలబెట్టలేకపోయింది. కాగితం సర్వరోగ నివారిణి అని నేననడం లేదు. కాకపోతే జేపీసీ ఆ రెంటిలో ఒక్కటీ చేయలేదు.

మన వైపు నుంచి చూస్తే ఇందులో ఇంకో మెలిక. ఢిల్లీలో కాంగ్రెసేతర పార్టీల కూటమి నేషనల్ ఫ్రంట్ ఛైర్మన్‌గా ఎన్టీఆర్ కాంగ్రెస్ అవినీతి మీద గర్జిస్తున్న రోజుల్లోనే, ఇక్కడ కాంగ్రెస్ నాయకుడు ద్రోణంరాజు సత్యనారాయణ ఎన్టీఆర్ మీదే విచారణ కోరుతూ హైకోర్టుకెక్కారు. 1989లో బోఫోర్స్ దేశంలో కాంగ్రెస్‌ను దించితే, ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం అదే కాంగ్రెస్ గద్దెనెక్కింది. తెలుగుదేశానికి దక్కిన లోక్‌సభ సీట్లు రెండు. కల్వకుర్తిలో ఎన్టీఆరే ఓడిపోయారు. ఎవరి ఇంటి ముందు కుంభకోణం వాళ్లకే ముద్దు.

ఈ కుర్చీలాట తర్వాత కూడా ఆగలేదు. 2010లో ఫోన్ కంపెనీలకు 2జీ స్పెక్ట్రం కేటాయింపుల మీద జేపీసీ వేయాలని బీజేపీ పట్టుబడితే శీతాకాల సమావేశాలు దాదాపు మొత్తం కొట్టుకుపోయాయి. 2011లో వేశారు. పి.సి. చాకో నివేదికను ప్రతిపక్షాలు ఒప్పుకోలేదు. అప్పటికే కాగ్ నివేదిక చేయాల్సిన పని చేసింది, 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 122 లైసెన్సులు రద్దు చేసింది. 2017 డిసెంబరులో ప్రత్యేక కోర్టు మాజీ టెలికాం మంత్రి రాజానూ డీఎంకే నాయకురాలు కనిమొళినీ మిగతా నిందితులనూ వదిలేసింది. 2023లో అదానీ వ్యవహారం మీద జేపీసీ కావాలని కాంగ్రెస్ పట్టుబడితే బడ్జెట్ సమావేశాలు గాలికి పోయాయి. ఈసారి కుదరదన్నది బీజేపీ. 2010 నాటి ఉపన్యాసాల్లో పార్టీ పేర్లు మాత్రం మార్చి చదువుకోవచ్చు. నా గెస్ట్‌హౌస్ వాక్యం లాగే.

చట్టం సంగతి కొంచెం చెప్పుకుందాం, ఎందుకంటే టీవీ చర్చల్లో కమిషన్ అంటే కోర్టు అన్నట్టు మాట్లాడతారు. కాదు. రామకృష్ణ దాల్మియా కేసులో 1958లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది: కమిషన్ చెప్పేది అభిప్రాయం, సిఫారసు. శిక్ష వేయలేదు, అమలు చేయించలేదు. కమిషన్ ముందు సాక్షి చెప్పిన మాటను రేపు అతని మీదే క్రిమినల్ కేసులో వాడుకోవడానికి చట్టంలోని ఆరో సెక్షన్ ఒప్పుకోదు, అబద్ధపు సాక్ష్యం కేసు తప్ప. ఎవరి పరువుకు నష్టం కలుగుతుందో వాళ్లకు ముందే నోటీసిచ్చి వినాలి, లేకపోతే నివేదిక కోర్టులో నిలబడదు. మరి దీనివల్ల లాభమేమిటి? ఒక్కటే. కమిషన్‌కు పత్రాలు తెప్పించుకునే అధికారం ఉంది. నివేదిక అందిన ఆరు నెలల్లోగా, తీసుకున్న చర్యల పత్రంతో సహా సభ ముందు పెట్టాలని మూడో సెక్షన్ చెబుతోంది. అంటే చట్టం బలం కూడా కాగితంలోనే ఉంది. జడ్జిగారి హోదా దానికి పై కోటు మాత్రమే.

ఇక కమిషన్‌ను అడ్డుగోడగా వాడుకోవడంలో మనవాళ్లకు పెద్ద అనుభవమే ఉంది. 1977 మేలో జనతా ప్రభుత్వం కర్ణాటక ముఖ్యమంత్రి దేవరాజ్ అర్స్ మీద కమిషన్ వేయబోతోందని తెలిసి, అర్స్ ప్రభుత్వమే ముందుగా సొంత కమిషన్ ఒకటి వేసేసుకుంది. ఇంట్లో వాళ్లే ముందు తాళం వేసుకున్నట్టు. కేంద్రం ఊరుకోకుండా గ్రోవర్ కమిషన్ వేస్తే పేచీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కోర్టు కేంద్రం పక్షాన నిలిచింది. "విచారణకు ఆదేశించాం" అన్న మాట నోరు మూయించడానికి కూడా పనికొస్తుందని ఆనాడే తెలిసిపోయింది. అసెంబ్లీలో ప్రశ్న అడిగితే "విషయం కమిషన్ పరిధిలో ఉంది, మాట్లాడకూడదు" అంటారు. కమిషన్‌లో అడిగితే గడువు పొడిగిస్తారు.

కాళేశ్వరం దగ్గరికి రాకుండా ఈ వ్యాసం ముగించలేను. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బరాజ్ ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాయి. నెల రోజుల్లో ఎన్నికలు. రాహుల్ గాంధీ వచ్చి చూసి వెళ్లారు. కాంగ్రెస్ గెలిచింది. సిట్టింగ్ జడ్జిని ఇమ్మని అడిగితే హైకోర్టు ఇవ్వలేమంది. జడ్జీలకు ఉన్న పనే తెమలదు, అది న్యాయమైన జవాబే. చివరికి 2024 మార్చిలో సుప్రీంకోర్టు రిటైర్డ్ న్యాయమూర్తి పినాకి చంద్ర ఘోష్‌తో కమిషన్ వేశారు. పొడిగింపుల మీద పొడిగింపులయ్యాక 2025 జూలై 31న నివేదిక వచ్చింది. ఆగస్టు 31న అసెంబ్లీలో అర్ధరాత్రి దాకా చర్చించి, చివరికి సీబీఐకి అప్పగిస్తామని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రకటించారు. నివేదిక చెప్పిన వాటిని కేసీఆర్, హరీశ్‌రావు కోర్టులో సవాలు చేశారు. తప్పెవరిదో తేల్చే పని కోర్టులది, నాది కాదు.

నాకు కొరుకుడుపడని విషయం వేరే ఉంది. కాళేశ్వరం మీద కాగ్ నివేదిక 2024 ఫిబ్రవరిలోనే సభలో పెట్టారు. 81,911 కోట్లు అనుకున్న ఖర్చు 1,47,427 కోట్లు దాటొచ్చని అందులో రాసి ఉంది. రూపాయి పెడితే రూపాయిన్నర లాభం అని చూపించిన లెక్కను ఆడిటర్లు తిరగేసి చూస్తే 52 పైసలు తేలింది. ప్రతి అంకెకూ ఫైలు నంబరుంది. ఆ నివేదిక మీద అసెంబ్లీలో ఎన్ని గంటలు చర్చ జరిగింది, కమిషన్ మీద టీవీల్లో ఎన్ని గంటలు జరిగింది? ఆ కాగితాన్ని తిరగేసి, పేజీ నంబరు చెప్పి, "ఈ పేరాకు జవాబు చెప్పండి" అని అడగడానికి ఎవరికీ తీరికలేదు. పైగా "కేసీఆర్ ప్రభుత్వం 2022 ఆగస్టులో రాష్ట్రంలో కేసులు చేపట్టడానికి సీబీఐకి ఉన్న సాధారణ అనుమతి ఎత్తేసింది, అంటే దాచడానికే" అన్నవాళ్లు ఒకవైపు. "సీబీఐ కేంద్రం చేతిలో కీలుబొమ్మ" అని ఇంకోవైపు. ఆంధ్రలోనూ ఇదే తంతు చూశాం. 2018 నవంబరులో చంద్రబాబు ప్రభుత్వం ఆ అనుమతి ఎత్తేసింది, 2019 జూన్‌లో జగన్ ప్రభుత్వం తిరిగి ఇచ్చింది.

విద్యుత్ కొనుగోళ్ల కమిషన్ కథ ఇంకా చిత్రం. కేసీఆర్ హయాంలో కొన్న ఛత్తీస్‌గఢ్ కరెంటు, కట్టించిన భద్రాద్రి, యాదాద్రి ప్లాంట్ల మీద జస్టిస్ ఎల్. నరసింహారెడ్డితో కమిషన్ వేశారు. విచారణ ముగియకముందే ఆయన ప్రెస్‌మీట్ పెట్టి మాట్లాడారు. కేసీఆర్ సుప్రీంకోర్టుకు వెళ్తే, విచారించేవాడు ముందే అభిప్రాయం చెప్పినట్టు కనిపించకూడదు అంటూ 2024 జూలైలో ఛైర్మన్‌ను మార్చమంది కోర్టు. జస్టిస్ మదన్ లోకూర్ వచ్చారు. జనం కాగితాల గురించి మాట్లాడుకోవాల్సిన టైములో జడ్జి గురించి మాట్లాడుకున్నారు. విచారణను మనిషి చుట్టూ కడితే అంతే, ఆ మనిషి నోరు జారితే గోడ కూలుతుంది.

అసలు ప్రతిపక్షం చేతిలో ఎవరూ ప్రత్యేకంగా ఇవ్వక్కర్లేని విచారణ యంత్రం ఒకటుంది. ప్రజాపద్దుల కమిటీ, పీఏసీ. ఖర్చు పెట్టిన ప్రతి రూపాయి మీదా కాగ్ రాసిన పేరాలను ముందేసుకుని కార్యదర్శులను పిలిచి కూర్చోబెట్టి అడగొచ్చు. పార్లమెంటులో 1967 నుంచి దాని ఛైర్మన్ పదవి ప్రతిపక్షానికివ్వడం ఆనవాయితీ. మన రెండు రాష్ట్రాల్లో ఆ ఆనవాయితీకి ఏ గతి పట్టించారో చూడండి. తెలంగాణలో 2019లో కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 12 మంది టీఆర్‌ఎస్‌లో కలిసిపోయాక, టీఆర్‌ఎస్‌తో సఖ్యంగా ఉన్న మజ్లిస్ పెద్ద ప్రతిపక్షమైంది, ఛైర్మన్ పదవి అక్బరుద్దీన్‌కు వెళ్లింది. 2024లో బీఆర్‌ఎస్ టికెట్‌పై గెలిచి కాంగ్రెస్ కండువా కప్పుకున్న అరెకపూడి గాంధీకి ఇచ్చారు. దాని మీద ఆయనా బీఆర్‌ఎస్ ఎమ్మెల్యే కౌశిక్ రెడ్డీ వీధికెక్కి చేసిన సవాళ్లు టీవీలో రెండు రోజులు చూశాం. కమిటీ ఏ పద్దును ప్రశ్నించిందో ఒక్క గంట కూడా చూడలేదు. ఆంధ్రలో అదే ఏడాది 11 సీట్ల వైసీపీకి ఆ పదవి దక్కలేదు. ప్రభుత్వంలో భాగమైన జనసేన ఎమ్మెల్యే పులపర్తి రామాంజనేయులు ఛైర్మనయ్యారు. ఓటింగును వైసీపీ బహిష్కరించింది.

ఎవరు అధికారంలో ఉన్నా ఈ కమిటీ జోలికే మొదట వెళ్తారు. ఎందుకంటే భయపడాల్సిన చోటు అదని వాళ్లకు తెలుసు. ప్రతిపక్షాలకే ఆ సంగతి తెలియదు, లేదా తెలిసీ బద్ధకం. కాగ్ నివేదిక చదవాలంటే మూడు రాత్రులు పడుతుంది. సీబీఐ విచారణ డిమాండ్ చేయడానికి మూడు నిమిషాలు.

నాకీ మొండితనం ఎక్కడ అంటుకుందో చెబుతాను. 2010 ప్రాంతంలో మా మండలంలో ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశానికి నేర్పిన మంచి పనుల్లో అదొకటి. ఊళ్లలో చదువుకున్న పిల్లలు మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, "నీకు ఇన్ని రోజుల కూలి వచ్చిందా?" అని అడిగి రాసుకుంటారు. తర్వాత ఎంపీడీవో ఆఫీసు ఆవరణలో షామియానా వేసి, అందరి ముందూ మైకులో చదువుతారు. ప్రజావేదిక అంటారు దాన్ని.

మే నెల. మధ్యాహ్నం రెండయింది. షామియానా కింద గాలి ఆడటం లేదు. ఒక పిల్ల, ఇరవై ఏళ్లుంటాయేమో, మస్టరు చదువుతోంది. ఒక చెరువు పూడికతీత పని. పేర్లు ఒక్కొక్కటీ చదువుతూ ఒక పేరు దగ్గరికొచ్చింది. ఆరు రోజులు, ఇంత కూలి, వేలిముద్ర ఉంది. వెనక వరసలో ఒక పెద్దావిడ లేచింది. "ఆయన మా ఆయనేనమ్మా. పోయి రెండేళ్లయింది. పైనుంచి దిగొచ్చి మట్టి మోసిపోయాడా? మోసినోడు ఇంటికొచ్చి నాకొక మాటన్నా చెప్పకపాయె!" అంది. జనం గొల్లుమన్నారు. తర్వాత ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం. వేదిక మీద ప్రాజెక్టు డైరెక్టర్ గారు ఫీల్డ్ అసిస్టెంటు వైపు తిరిగి "ఏందయ్యా ఇది?" అన్నారు. అతను లేచి నిలబడ్డాడు, నోట మాట రాలేదు. అతని చేతిలో ఉన్న ఫైలు మాత్రం వణుకుతోంది. నేను రెండో వరసలో ఉన్నా, నాకు కనిపించింది.

ఆ రోజు అక్కడికక్కడే రికవరీ రాశారు. పెద్ద మొత్తమేం కాదు. ఎంత వసూలైందో తర్వాత నేను పట్టించుకోలేదు, అది నా తప్పు. కానీ ఆ పనుల మీదే "సమగ్ర విచారణ" కోరుతూ అంతకుముందు రెండు ప్రెస్‌మీట్లు పెట్టిన ప్రతిపక్ష నాయకుడు ఆ షామియానా కింద లేడు. సాయంత్రం ఫోన్ చేస్తే, "అక్కడికొస్తే మనకేముంది అన్నా, అంతా అధికారుల తతంగం" అన్నాడు. ఆ తతంగంలోనే ఒక ముసలామె పది సెకన్లలో అతని రెండు ప్రెస్‌మీట్లూ చేయలేని పని చేసింది. ఎందుకంటే ఆమె ముందు కాగితం చదివారు.

దీనికి జవాబుగా నా మిత్రుడొకడు, హైకోర్టు లాయరు, ఎప్పుడూ ఒకటే అంటాడు: "పెద్ద ఒప్పందాల ఫైళ్లు ఎవడిస్తాడురా? కేబినెట్ నోట్ అంటారు, వాణిజ్య రహస్యం అంటారు, దేశ భద్రత అంటారు. అందుకే జడ్జి కావాలి." నిజమే. రఫేల్ యుద్ధ విమానాల ధర విషయంలో చూశాం. 2018లో ఆ వివరాలు సీల్డ్ కవరులోనే కోర్టు చేతికి వెళ్లాయి. బయటివాళ్లకు అందలేదు. కమిషన్ల వల్ల మేలు జరగలేదనీ అనలేను. ప్రతిపక్షాలు రాష్ట్రపతికి అర్జీ పెట్టుకుంటే వేసిన దాస్ కమిషన్ నివేదిక వచ్చాకే 1964లో పంజాబ్ ముఖ్యమంత్రి ప్రతాప్ సింగ్ ఖైరాన్ గద్దె దిగారు.

కానీ వాడు చెప్పేది రహస్యం పేరుతో దాచినవాటి గురించి. మరి దాచనక్కర్లేనివి దాచినప్పుడు ఎవరేం చేశారు? 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలను వెబ్‌సైటులో పెట్టడమే మానేసింది. మామూలు జీవోలు! ప్రజల డబ్బు ఏ పద్దు కింద ఎవరికి వెళ్లిందో చెప్పేవి. కొందరు కోర్టుకు వెళ్లారు, ప్రతిపక్షం నాలుగు మాటలంది. రాష్ట్రం స్తంభించలేదు, ఒక్క బంద్ జరగలేదు, అసెంబ్లీ గేటు ముందు ఎవరూ పడుకోలేదు. ప్రభుత్వం మారాక 2024లో తిరిగి పెట్టడం మొదలెట్టారు. నన్నడిగితే, సీబీఐ కోసం చేసే ధర్నాల్లో సగం ఆ వెబ్‌సైటు కోసం చేసి ఉంటే మిగతా సగం అవసరం పడేది కాదు.

ప్రతిపక్షం నిజంగా విచారణ కోరుతుంటే దాని గొంతులో తేడా తెలుస్తుంది. ఫలానా నంబరు జీవో కింద ఫలానా కంపెనీకి ఫలానా తేదీన చెల్లించిన బిల్లు, దానికి ముందు ఇంజనీరు రాసిన నోట్, ఈ రెండూ సభలో పెట్టండి అంటుంది. అప్పుడు ప్రభుత్వం దగ్గర రెండే దారులు: పెట్టడం, పెట్టననడం. పెట్టననడం కూడా ఒక రకం ఒప్పుకోలే. అదే "సమగ్ర విచారణ" అంటే ప్రభుత్వానికి నూరు దారులు. కమిటీ వేస్తుంది, గడువు పెంచుతుంది, నివేదికను అధ్యయనం చేయడానికి ఇంకో కమిటీ వేస్తుంది.

మొన్న ఆదివారం ఒక పాత పరిచయస్తుడు వాట్సాప్‌లో ప్రెస్‌నోట్ పంపాడు. అప్పటి గెస్ట్‌హౌస్ బ్యాచే. పార్టీ రెండుసార్లు మారి ఇప్పుడు మళ్లీ ప్రతిపక్షంలో ఉన్నాడు. రోడ్డు పనుల్లో అక్రమాలట. "సిట్టింగ్ జడ్జితో సమగ్ర విచారణ" అని నా పాత వాక్యం నాకే తిరిగొచ్చింది. ఫోన్ చేశాను.

"తమ్ముడూ, ఆ పనికి జీవో నంబరెంత?"

"అదంతా ఎందుకన్నా, నువ్వు ఫేస్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాయి చాలు."

"నంబరు చెప్పు, రాస్తా."

అరగంట తర్వాత ఒక ఫొటో వచ్చింది. జీవో మొదటి పేజీ, మసకగా, టీ మరకతో. మంజూరు మొత్తం రెండో పేజీలో ఉంటుంది. "రెండో పేజీ?" అని పెట్టాను.

"అదే ఎతుకుతున్నా అన్నా. రేపు పొద్దున ఈఈ ఆఫీసు కాడికి పోతా."